నీళ్ళిచ్చినోళ్ళ పేర్లు

"నాకు నీళ్ళద్దు బిడ్డా. మీ ఇంట్ల నేను నీళ్ళు తాగ."

ఐలవ్వ అరుగు మీద కూసోలేదు. దర్వాజ పక్కన నేల మీద, గోడకు వీపు ఆనించి కూసున్నది. కథలాపూరు అవతల గుట్ట కింది ఊరు ఆమెది. పొద్దు పొడవక ముందే ఇంట్లకెల్లి బయలెల్లి, బస్సు పట్టుకొని సిరిసిల్లల దిగి, బట్ట నేసే సాంచాల వాడల అడుక్కుంట అడుక్కుంట ఈ ఇల్లు పట్టింది. ఒళ్ళె ఒక ఎర్రబట్ట మడత పెట్టుకున్నది. మొన్నటిదాక ఆ బట్టల ఈ ఇంటాయన నర్సింగం పుస్తకం ఉండె. ఇప్పుడు ఉత్త బట్టనే ఉన్నది.

నర్సింగం పెండ్లాం అనసూయ గిలాస పట్టుకొని అట్లనే నిలవడ్డది.

"ఎందుకు తాగవవ్వా? ఎండల పడి వస్తివి."

"తాగితే రేపు నీ పేరెక్కుతది. ఐలవ్వకు ఎవరు నీళ్ళిచ్చిండ్రంటే అనసూయ ఇచ్చిందంటరు. నీళ్ళిచ్చుడు తప్పైంది గద బిడ్డా ఇప్పుడు. నీకెందుకు గీ లొల్లి?"

ఆ మాటల ఎగతాళి లేదు. నిజంగనే అనసూయ మంచి కోరి అన్నది ఆ ముసలామె. అదే అనసూయకు ముల్లు లెక్క దిగింది.

లోపలి అర్రల సాంచ ఆగింది. నెత్తి మీద, కనుబొమ్మల మీద దూది పొట్టుతోని నర్సింగం బైటికొచ్చిండు. ఐలవ్వను చూసి రెండు చేతులు జోడిచ్చిండు. అతనికి మాట ఎప్పుడూ ఆలస్యంగనే వస్తది.

"సామేలు మంచిగున్నడా అవ్వా?" అన్నడు ఆఖరికి.

"నిన్న పగటీలి తీస్కపోయిండ్రయ్యా."

"ఎవరు?"

"ఎవరేంది! పోలీసోళ్ళు. నా బుక్కే తెరిచి, దాని మీద ఏలు పెట్టి సదివిండు ఎస్సై. 'తెల్లారి సామేలు నన్ను గుట్ట దాటిచ్చిండు.' సదివి, ఇంకెవర్ని దాటిచ్చినవురా అన్నడు. నా కొడుకు ఎవర్ని దాటిస్తడయ్యా? మేకల్ని దాటిస్తడు."

నర్సింగం గడప మీద కూలవడ్డడు.

"ఎస్సై చేతికెట్ల పోయింది పుస్తకం?" అని అనసూయ అడిగింది.

"నా వల్లనే. ఆదివారం ప్రార్థన అయినంక మా పాస్టరు దేవదాసయ్యను బతిలాడి ఆ పేజి సదివిచ్చిన. నా పేరు అచ్చుల పడ్డదని మందికి తెల్వద్దా? ఐలవ్వ జొన్నగట్క పెట్టిందని ఆయన సదువుతుంటే అందరు సప్పట్లు గొట్టిండ్రు." ఐలవ్వ ఎర్రబట్టను మళ్ళ ఒక మడత పెట్టింది. "ఆ సప్పట్లు ఠాణదాక ఇనవడ్డయి."

వెనక అర్రలకెల్లి అత్త లసుమవ్వ గొంతు వచ్చింది.

"నేను ముందుగాలనే చెప్పిన! ఆని కాళ్ళకు పని లేకపాయె, దీని చేతికి పని లేకపాయె. ఒకలు నడుసుడు, ఒకలు రాసుడు. ఇగో, పండింది పంట!"

ఆ మాటల సగం నిజమే.

భీవండిల సాంచాలు నడిపినన్ని రోజులు నర్సింగానికి ఒకటే యావ. రైలు కిటికిలకెల్లి చూసుకుంట పోయే నేల మీద ఒక్కసారన్న కాలు పెట్టాలె. కిందటేడు పని మానేసి, టికెట్టుకు పైసలుండి కూడ, టైరు చెప్పులేసుకొని భీవండి నుంచి ఇంటిదాక నడిచిండు. కసారా ఘాటెక్కి, నాసిక్ ఉల్లిగడ్డ చేండ్లు దాటి, నాందేడుల గోదారి తానం చేసి, కోరుట్ల మీంచి, కథలాపూరు గుట్టల మీంచి వచ్చిండు. వచ్చి ఏం చెప్పలేదు. అనసూయ నూలు కండెలు చుట్టుకుంట ఒక్కొక్క ముక్క గుంజింది. ఆయన రాళ్ళు, చెట్లు, వాగులు చెప్తుండె. "మరి గా ఊర్ల నీళ్ళెవరిచ్చిండ్రు?" అని ఆమె అడుగుతుండె. ఏడో తరగతిదాక సదువుకున్న చెయ్యి. రాసుకుంట పోయింది. కోరుట్లల సత్తయ్య అచ్చేసిండు. పేరు 'భీవండి బాట'.

కరెంటు పోతే చాలు, వాడల సాంచాలు ఆగేటియి, ఎవలో ఒకలు ఆ పుస్తకం తీసి గట్టిగ సదివేటోళ్ళు. కరెంటొచ్చినా "గా ఘాటు దిగేదాక ఆగుండ్రిరా" అని కూసునేటోళ్ళు. జగిత్యాల బస్టాండుల పాన్‌డబ్బకు దారం కట్టి యేలాడదీసిండ్రు. ఐలవ్వకు మాత్రం నర్సింగమే పోయి చేతికిచ్చి వచ్చిండు.

నీళ్ళిచ్చినోళ్ళ పేర్లు రాయమని నర్సింగం చెప్పలేదు. అవి అనసూయ చేర్చినయి. ఇంటి ఆచారమే అది. ఆమె మామ బతికున్నప్పుడు చీరెల మూట భుజాన పెట్టుకొని ఊరూరు తిరిగి అమ్మేటోడు. ఇంటికొచ్చినంక, కాళ్ళు కడుక్కునే ముందట, ఏ ఊర్ల ఎవరు నీళ్ళిచ్చిండ్రో పేరు పేరున చెప్పేటోడు. చెప్పకుంటే ఆ దూప తీరనట్టే అనేటోడు. పెండ్లైన కొత్తల ఈ ముచ్చట అనసూయకు చెప్పింది లసుమవ్వే.

ఇప్పుడు ఆ లసుమవ్వే దర్వాజల నిలవడి, కోడలి చేతిలున్న గిలాస దిక్కు చూసింది.

"ఆ గిలాసల ఇస్తున్నవా? చెంబు తీస్కొచ్చి దోసిట్ల పొయ్యరాదు?"

ఐలవ్వ తల ఎత్తలేదు. గసుంటి మాటలు ఆమె చెవులకు కొత్తవి కావు.

"ఆమె తాగుతలేదు అత్తా," అన్నది అనసూయ. "ఏ చెంబైతేంది."

ఐలవ్వ పేజి ఈ ఇంట్ల సదివిననాడు ఒక లొల్లి అయ్యింది. తన కొడుకు ఐలవ్వ ఇంట్ల, ఐలవ్వ పళ్ళెంల గట్క తిన్నడని ఇనంగనే లసుమవ్వ లేచి పోయింది. ఆ తర్వాత పుస్తకం ఒక్క ముక్క ఇనలేదు. అప్పటిసంది కొడుకు తినే పళ్ళెం ఏరుగ బోర్లిస్తున్నది.

నర్సింగం లేచిండు. నిచ్చెన ఏసి అటుక మీదికెక్కి, మిగిలిన పుస్తకాల కట్ట దించిండు. పెరట్ల నీళ్ళ కాగు కింద పొయ్యి మండుతున్నది. అటు నడిచిండు.

అనసూయ గిలాస కింద పెట్టి ఎదురుంగ పోయి నిలవడ్డది.

"ఏం చేస్తున్నవ్?"

"కాలవెడ్త."

"ఎందుకు?"

"ఇంటిమీదికొస్తరు. దొరికితే?"

"దొరికిందిగద ఆల్రెడీ ఒకటి."

"జరుగు అన్సూయ."

"జరగ. ఇయన్ని కాలవెడ్తే లోకంల ఒక్కటే మిగులుతది. ఎస్సై చేతిలున్నది. అప్పుడు ఆయన ఎట్ల సదివితే గదే పుస్తకం. కసారా ఘాటు పోతది, గోదారి పోతది, నీ టైరు చెప్పులు పోతయి. గుట్ట దాటిచ్చిండన్న ఒక్క ముక్క ఉంటది. గదేనా నీకు కావలసింది?"

నర్సింగం పొయ్యి దిక్కు చూసిండు. కట్టను దించలేదు, ముందటికి పోలేదు.

"పొయ్యిల పెట్టు కొడుకా," అన్నది లసుమవ్వ. "దాని మాటినే ఇంత దూరమొస్తివి."

గప్పుడే వాకిట్ల చెప్పుల సప్పుడైంది. కోరుట్ల సత్తయ్య. బీడీ లేబుళ్ళు, లగ్గం పత్రికలు అచ్చేసుకొని బతికే మనిషి. ఏళ్ళ సందుల ఎప్పటి సిరా మరక. ఎన్నడు నవ్వుకుంటనే వచ్చేటోడు. ఈ పొద్దు అటిటు చూసి దర్వాజ దగ్గరికేసిండు.

"నర్సింగం, మా ప్రెస్సుకొచ్చిండ్రు. టైపు డబ్బలన్ని కింద మీద చేసిండ్రు. ఏముంటదక్కడ, పెండ్లికూతురు పేర్లుంటయి. ఎనక పేజి మీద నా ప్రెస్సు పేరుండె గద." దుప్పటి మూటల నుంచి చిన్న చిన్న కాయితాల కట్ట తీసిండు. "కూసో. ఒక ఉపాయం తెచ్చిన."

తొందర తొందరగ అచ్చేసిన కాయితాలవి. అక్షరాలు అటొకటి ఇటొకటి వంకర్లు పోయినయి. అనసూయ తీస్కొని సదివింది. 'ఇందులోని మనుషులు, ఊర్లు, ప్రయాణం అన్నీ కల్పితం.'

"ఇయ్యి ప్రతి పుస్తకానికి అంటిద్దాం," అన్నడు సత్తయ్య. "నర్సింగం, నువ్వు ఠాణకు పోయి, సారూ నేను నడవలే, రైలెక్కి వచ్చిన, ఇంట్ల కూసోని కత కట్టిన అని చెప్పు. కతకు కేసుండదు. ఐలవ్వ లేదు, సామేలు లేడు, గుట్ట లేదు. రెండు దెబ్బలేసి ఇడిసిపెడ్తరు."

పక్కింటి సాంచ టకటక కొట్టుకుంటున్నది.

కాళ్ళు పగిలి నెత్తురు కారిన మనిషి ఆ కాళ్ళ దిక్కే చూసుకుంట నిలవడ్డడు. ఊరు ఊరంత ఆయన్ను 'భీవండి బాట నర్సింగం' అంటున్నది. పిలగాండ్లు చెప్పులు చూపిమ్మని ఇంటికొస్తున్నరు. జనమల ఒక్కటే పని ఆయన తన కోసం చేసుకున్నడు. అది జరగలేదని చెప్పాలె.

"చెప్త," అన్నడు నర్సింగం.

"ఏమని?" అన్నది అనసూయ.

"నడవలేదని చెప్త. పిలగాడు ఇంటికి రానీ. నాదేమున్నది, నడిచిన నడక కాళ్ళకు తెలుసు. కాయితాల మీద లేకపోతేంది?"

అనసూయకు ఆ మనిషి మీద కోపం రావాలె, రాలేదు. సత్తయ్య అమ్మయ్య అని ఊపిరిడిసిండు. లసుమవ్వ "గట్ల బుద్ధి తెచ్చుకో" అన్నది.

గోడ పక్కకెల్లి ఐలవ్వ తలెత్తింది.

"గట్ల చెప్పకయ్యా."

అందరు అటు చూసిండ్రు.

"ఎందుకవ్వా? నీ కొడుకు కోసమే గద," అన్నడు సత్తయ్య.

"నన్ను మొన్ననే అడిగిండ్రు. ఈ బుక్కుల ఐలవ్వవు నువ్వేనా అన్నరు. ఔ సారూ నేనే, నేనే పెట్టిన, ఆకలిగొని వచ్చిండు అన్న. గొప్పగనే చెప్పిన. ఇప్పుడు ఈ అయ్య పోయి నేను రాలేదు, తినలేదు అంటే, మరి ఐలవ్వ ఎవనికి పెట్టింది? ఐలవ్వ కొడుకు ఎవర్ని గుట్ట దాటిచ్చిండు?"

సత్తయ్య తన కాయితాల దిక్కు చూసిండు.

"అడివిల తిరిగే అన్నలకే పెట్టినవంటరు," అన్నది ఐలవ్వ. "గప్పుడు సామేలును ఇంక ఇడువరు. ఈ అయ్య తిన్నడంటేనే నా కొడుకు బతుకుతడు. నువ్వు తిన్నవయ్యా. పచ్చిపులుసు మళ్ళ పోయించుకున్నవు. యాదికి లేదా?"

"ఉన్నదవ్వా," అన్నడు నర్సింగం. ఆయన గొంతు చిన్నగైంది. "ఉల్లిగడ్డ సన్నగ కోసినవు."

"అగో!" అన్నది ఐలవ్వ, సాక్ష్యం దొరికినట్టు.

అనసూయ చేతిలున్న కాయితాలను మడిచి సత్తయ్య చేతులనే పెట్టింది. ఇంతసేపు అడ్డదిడ్డంగ తిరుగుతున్న ఆమె తలకాయ ఒక్క దగ్గర నిలవడ్డది. తెగిన పోగు కొస చేతికి దొరికినట్టైంది.

"అబద్ధం చెప్తే ఒక్కడు చెప్పొచ్చు. నిజం చెప్పాలంటే అందరం పోవాలె," అన్నది.

"ఏడికి?"

"ఠాణకు. ఈయన నడిచిన తొవ్వ మీదికెల్లే. బస్సుల గాదు. ఇక్కడికెల్లి ఎములాడ, ఎములాడకెల్లి గుట్టల పొంటి ఐలవ్వ ఊరు. ఈ తొవ్వల ఎవరెవరి పేర్లున్నయో, ఇంటింటికి పోతం. 'ఔ, ఈ మనిషి నడిచి వచ్చిండు, దూపగొన్నడు, మేం నీళ్ళిచ్చినం' అని చెప్పుతానికి రమ్మంటం. పుస్తకాన్ని ఎనకనుంచి ముందటికి సదువుకుంట పోతం."

"పిచ్చి లేసిందా చెల్లె నీకు?" సత్తయ్య కట్టె లెక్క నిలవడ్డడు. "ఒక్క పిలగాని కోసం ఊర్లకు ఊర్లను బాయిల దొబ్బుతవా?"

"వాళ్ళ పేర్లు ఇప్పటికే బాయిల ఉన్నయి సత్తన్నా. పుస్తకం ఎస్సై చేతిలున్నది. ఇయ్యాల సామేలు పేజి తెరిచిండు, రేపు ఇంకో పేజి తెరుస్తడు. ఒక్కొక్కల్ని ఇంట్లకెల్లి ఏరుకుంటడు. ఒక్కలొక్కలు దొరికితే భయపడ్తరు. అందరొక్కసారే పోయి నిలవడితే ఎంతమందిని కూసోవెడ్తడు?"

"రారు. ఎవడొస్తడు ఈ దినాలల్ల?"

"రానోళ్ళు రాకపోనీ. తెల్వకుంట మాత్రం ఉండద్దు. పేర్లు రాసింది నేను. నేను పోయి చెప్పాలె."

సత్తయ్య దుప్పటి మూట కట్టుకున్నడు. దర్వాజ దాక పోయి ఆగిండు. "నేను నీళ్ళియ్యలేదు చెల్లె. అచ్చేసిన, గంతే," అన్నడు. ఆయన పోయిన తొవ్వల ఒక కల్పితం కాయితం గాలికి కొట్టుకుంట వాకిట్ల తిరిగింది.

నర్సింగం పుస్తకాల కట్ట అరుగు మీద దించిండు.

"నిన్ను చూడంగనే లోపలేస్తరు," అన్నది అనసూయ మెల్లగ. "నీకు భయమైతే నేనూ అవ్వ పోతం."

ఆయన గోడ దిక్కు పోయి, చిలుక్కొయ్యకు యేలాడుతున్న టైరు చెప్పులు దించిండు. దుమ్ము దులిపి, వారు గట్టిగున్నదా అని గుంజి చూసిండు. గదే ఆయన జవాబు.

"ఓ పోండ్రి!" లసుమవ్వ గొంతు పగిలింది. "అందరు పోండ్రి. నేనొక్కదాన్ని ఈడ సాంచల ముందట కూసోని ఏడుస్త. ఉన్న ఒక్క కొడుకు. ఎవలో ముక్కు మొఖం తెల్వనోళ్ళ కోసం..."

"అత్తా, ఎనకనుంచి మొదటి పేరు నీదే."

లసుమవ్వ ఏడుపు అడ్డంల ఆగింది.

"ఏం పేరు?"

"పుస్తకంల ఆఖరి పేజి. నువ్వు ఇనలేదు. నడుమలనే లేచిపోయినవు."

"నా పేరెందుకు రాసినవే?"

"నీళ్ళిచ్చినవు గద."

అనసూయ కట్టలకెల్లి ఒక పుస్తకం గుంజి ఆఖరి పేజి తెరిచింది. కూసోలేదు, నిలవడే సదివింది.

"'సిరిసిల్లల అడుగుపెట్టి మా ఇంటి ముందట నిలవడ్డ. మా అవ్వ నన్ను గుర్తుపట్టలేదు. గడ్డం పెరిగింది, మొఖం మాడింది, బట్టలు చీలికలైనయి. ఎవడో తొవ్వంటి పోయేటోడు అనుకున్నది. ఊరేందని అడగలేదు, కులమేందని అడగలేదు. దూపైతుందా బిడ్డా అన్నది. గిలాస నిండ నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. తాగినంక నా గొంతు ఇని గుర్తుపట్టి ఏడ్చింది. ఆమె పేరు లసుమవ్వ.'"

పక్కింటి సాంచ గూడ ఆగింది. కరెంటు పోయినట్టున్నది. వాడ వాడంత ఒక్కసారి నిమ్మళమైంది.

లసుమవ్వ కొడుకును చూసింది. "గట్ల చెప్పినవా దీనికి?"

"ఔ అవ్వా."

"గిలాస అని చెప్పినవా?"

"గిలాసనే ఇస్తివి."

ముసలామె కొంగుతోని మూతి తుడుసుకున్నది. "ఎవడైతేంది," అన్నది తనలోపల తనే. "నాలిక పిడస కట్టి నిలవడ్డడు. ఎవడైతేంది."

వంగి, ఇందాక అనసూయ కింద పెట్టిన గిలాస ఎత్తింది. నీళ్ళల దూది పొట్టు పడ్డది. పారబోసి, లోపలికి పోయి, కడిగి మళ్ళ ముంచుకొచ్చింది. ఐలవ్వ ముందట కూసోని చేతికి అందిచ్చింది.

"తాగు ఐలవ్వా. ఎక్కితే నా పేరెక్కుతది. ఇప్పటికే ఎక్కే ఉన్నదట గద, ఇంకోసారి ఎక్కనీ."

ఐలవ్వ ఆమె కండ్లల్లకు చూసింది. గిలాస అందుకొని, ఎత్తిపోసుకోకుంట, అంచు పెదవులకు ఆనించి తాగింది. మధ్యల ఊపిరి గూడ తీసుకోలేదు.

"ఉల్లిగడ్డ సన్నగ కోస్తవట?" అన్నది లసుమవ్వ.

"లావు ముక్కలైతే పులుసుకు రుచి రాదు."

"గదే నేను గూడ అంట. మా కోడలు దొడ్డు దొడ్డుగ కోస్తది."

మిగిలిన పుస్తకాలను అనసూయ ఒక పాత చీరెల పెట్టి మూట కట్టింది. పేర్లున్నోళ్ళల్ల శానమందికి ఆ పుస్తకమే అందలేదు. చేతికియ్యక ముందే వాళ్ళ మీదికి ఆపద పోయేటట్టున్నది. మూట భుజానికెత్తుకోంగనే లసుమవ్వ ఒక్క క్షణం దానిదిక్కే చూసింది. తన పెనిమిటి మోసిన చీరెల మూట గూడ గసుంటిదే. దర్వాజ గొళ్ళెం పెట్టి, చేతికర్ర తీస్కొని అందరికంటె ముందట నడిచింది.

తొవ్వ మీద ఎండ అప్పటికే పదునెక్కింది. ఈ తొవ్వను అనసూయ రాసింది గాని ఒక్కనాడు నడవలేదు. 'ఎములాడ తొవ్వల నీడ తక్కువ' అని రాసినప్పుడు అదొక మాటనే. ఇప్పుడు హవాయి చెప్పులు అంటుకొని మడిమె కాలుతుంటే ఆ వాక్యం ఎంత చిన్నగున్నదో తెలిసింది. నర్సింగం మాత్రం ఇంట్ల ఉన్న నర్సింగం కాదు. అడుగు మారింది. భుజాలు లేచినయి. ముందటి మలుపు రాకముందే "గడ్డివామి దాటినంక హోటలు" అన్నడు, ఎవలూ అడగకుంటనే.

వాడ దాటేదాక దర్వాజల నుంచి మంది చూసిండ్రు. కరెంటు లేక బైట కూసున్న సాంచాల పిలగాండ్లు "ఏడికి అన్నా, మళ్ళ భీవండికా?" అని నవ్విండ్రు. ఐలవ్వ మొఖం చూసి నవ్వు ఆపుకున్నరు. ఒక్కడు లేచి నాలుగడుగులు వెంట వచ్చి, ఏమనుకున్నడో ఆగిండు.

ఎనకనుంచి రెండో పేరు గంగారాంది. తొవ్వ పక్కన తడికెల హోటలు. ఆ పేజి అనసూయకు నోటికొచ్చు. 'చాయ అడగకముందే నీళ్ళు ముందట పెట్టిండు. కాళ్ళు చూసి, పసుపు నూరి తెచ్చిండు. ఆయన పేరు గంగారాం.'

పొయ్యి మీద డేకిసల చాయ మసులుతున్నది. గంగారాం వీళ్ళను దూరంకెల్లే చూసిండు. నర్సింగాన్ని చూసిండు, మూట చూసిండు, అనసూయ చేతిల పుస్తకం చూసిండు. గంటె కింద పెట్టి లోపలికి పోయి తడిక గుంజిండు. లోపల గడియ పడ్డ సప్పుడైంది. చాయ పొంగి పొయ్యిల పడి బుస్సుమన్నది.

"గంగారామన్నా," అని పిలిచిండు నర్సింగం.

తడికను ఏళ్ళతోని తట్టిండు.

"అన్నా, గుట్ట కింది పిలగాన్ని తీస్కపోయిండ్రు," అన్నది అనసూయ తడిక దగ్గరికి పోయి. "మీ పేరు గూడ ఇండ్ల ఉన్నది. చెప్పిపోతానికొచ్చినం. మాతోని వస్తె మంచిది. రాకున్నా తెలిసి ఉండాలె గద."

లోపల మనిషి ఊపిరి ఇనవడుతున్నది. తడిక అవతలనే నిలవడ్డడు.

"నేను ఎవ్వలకు నీళ్ళియ్యలేదు," అన్నది గొంతు. "నాకు ఎవ్వలు తెల్వదు. పోండ్రి ఈడికెల్లి. నాకు పిల్లలున్నరు."

"నాకు గూడ పిలగాడున్నడయ్యా," అన్నది ఐలవ్వ.

ఆ మాటకు లోపలి ఊపిరి గూడ ఇనవడకుంటైంది.

లసుమవ్వ కర్ర ఆనించి బల్ల మీద కూసున్నది. కాళ్ళు చాపుకున్నది. ఇయ్యాలంత ఈడనే ఉంట అన్నట్టు కొంగు సదురుకున్నది.

"తడిక మూసుకో కొడుకా, నీ హోటలు నీ ఇష్టం. ముసలిదాన్ని, దూపైతున్నది. నీళ్ళు మాత్రం అడుగుత. ఇయ్యకుంటే గది గూడ రాస్తది మా కోడలు. దాని చెయ్యి ఊకుండదు."

మిగిలిన ముగ్గురు ఎండల నిలవడ్డరు. ఒక బస్సు దుమ్ము లేపుకుంట పోయింది. దుమ్ము సద్దుమణిగింది.

లోపల కుండ మీద మూత తీసిన సప్పుడైంది. చెంబు మునిగిన సప్పుడైంది. తడిక సందు జానెడు తెరుసుకున్నది. ఒక చెయ్యి బైటికొచ్చింది, నీళ్ళ చెంబుతోని. మొఖం కనవడలేదు.

"తాగుండ్రి," అన్నది గొంతు. "దండం పెడ్త, పేరు మాత్రం తియ్యకుండ్రి."

లసుమవ్వ కోడలి దిక్కు చూసింది. నర్సింగం చూసిండు. ఐలవ్వ చూసింది. ఆ నీళ్ళు తాగితే పేరు దాస్తమని మాటిచ్చినట్టే. పేరు తియ్యకుంట నీళ్ళు తాగుడు వీళ్ళ ఇంట్ల ఎన్నడు లేదు. పేరు తియ్యకుంటే సామేలు ఇంటికొచ్చుడు లేదు.

అనసూయ నాలిక అంగిట్లకు అంటుకపోతున్నది. చెంబు అంచు మీంచి నీళ్ళు తొణికి దుమ్ముల పడ్డయి.

ఆమె చెయ్యి చాపలేదు. లోపలి చెయ్యి వెనక్కు పోలేదు.